పరిగె ఏరే స్త్రీలు: చేత్తో గీసిన నకలు ఎలా ఉంది?

కోత అయ్యాక పొలంలో రాలిన కంకులు ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ళను ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1857లో వేసిన ఈ చిత్రం అసలు ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. కొలత 83.5 × 110 సెం.మీ. నకళ్ళు గీసిచ్చే ఆన్‌లైన్ స్టూడియోలు ఎక్కువగా అమ్మే 60 × 90 సైజు దీనికి సరిపోదు. ఆ నిష్పత్తిలో ఎత్తు సుమారు 8 సెం.మీ. కోతపడి, ఆకాశమో ముందున్న కోత మోళ్ళో పోతాయి. 68 × 90 కావాలని ప్రత్యేకంగా అడగండి.

రంగుల సంగతికొస్తే, ఈ నకలులో నీలం, ఎరుపు తలగుడ్డలు మెరిసిపోతున్నాయి. స్క్రీన్ మీది బొమ్మ చూసి గీస్తే జరిగేదిదే. అసలులో అవి దుమ్ము పట్టినట్టు మసకగా ఉంటాయి. అంతకంటే బాధించేది చేతులు: కాయకష్టంతో మొద్దుబారిన వేళ్ళను నున్నగా, అందంగా మార్చేశారు. అక్కడే బొమ్మ ప్రాణం పోయింది. కుడివైపు దూరంగా గుర్రం మీదున్న మేస్త్రీ మాత్రం చిన్నగా, చక్కగా కుదిరాడు. చాలా నకళ్ళలో అతను ఒట్టి మచ్చే.

డబ్బు చివరి విడత కట్టేముందు ముఖాలు, చేతుల దగ్గరి ఫోటోలు పగటి వెలుతురులో తీయించుకోండి. భూతద్దంలో వరుస చుక్కలు కనబడితే అది ప్రింటు మీద జెల్ పూసిన సరుకే. చుట్టి పంపితే రంగు వైపు బయటికి ఉండాలి, లోపలికి చుడితే పొర నలిగి పగులుతుంది. ఫ్రేముకు బిగించడానికి నాలుగు వైపులా 5 సెం.మీ. ఖాళీ గుడ్డ వదలమనండి. దళసరి నూనె రంగుకు వార్నిష్ ఆరు నెలలైనా ఆగి వేయాలి.