పక్కవారికి చోటిచ్చే గిటార్: జిమ్ హాల్ 'కాన్సియెర్తో'

గిటార్ విద్వాంసుడి పేరుతో ఆల్బమ్ వచ్చిందంటే అందులో మొదటి నుంచి చివరి దాకా గిటారే రాజ్యమేలుతుందని అనుకోవడం సహజం. జాజ్ గిటారిస్టు జిమ్ హాల్ 1975లో సీటీఐ అనే రికార్డు సంస్థ కోసం రికార్డు చేసిన 'కాన్సియెర్తో'ను ఆ ఆశతో వినేవారికి మొదట కొంత వెలితి తోచవచ్చు. ఇక్కడ నాయకుడు తన వంతు తక్కువలో ముగించి, మిగిలిన సమయమంతా ఇతరుల వాయింపును శ్రద్ధగా వింటూ, వారికి కావలసినచోట రెండు మూడు స్వరాలు అందిస్తూ ఉంటాడు. నా దృష్టిలో ఈ ఆల్బమ్ గొప్పతనమంతా ఆ పక్కవాద్యంలోనే ఉంది.

ఆయన చుట్టూ చేరినవారు సామాన్యులు కారు. ఆల్టో శాక్సఫోన్ మీద ప్రసిద్ధ జాజ్ రచన 'టేక్ ఫైవ్' స్వరకర్త పాల్ డెస్మండ్, ట్రంపెట్ మీద చెట్ బేకర్, పియానో మీద రోలాండ్ హానా, బాస్ మీద రాన్ కార్టర్, డ్రమ్స్ మీద స్టీవ్ గ్యాడ్ ఉన్నారు. 1966లో జరిగిన దాడి తర్వాత పళ్లు పోగొట్టుకుని, కట్టుడు పళ్లతో ట్రంపెట్ ఊదడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్న బేకర్‌కు ఇది పునరాగమన కాలం. ఆయన ఊదిన ప్రతి వాక్యం చివర వినిపించే ఊపిరి, కోల్ పోర్టర్ రచన 'యూడ్ బీ సో నైస్ టు కమ్ హోమ్ టు'లో మనసును పట్టి నిలుపుతుంది. ఆ వాక్యాల మధ్య ఖాళీలలో హాల్ ఒక తీగను అలా తాకి వదిలేస్తాడు. ఇంకొకరైతే అక్కడ పది స్వరాలు కుమ్మరించి ఉండేవారు.

ఎల్పీ రికార్డు రెండో పక్క మొత్తాన్ని ఒకే రచన ఆక్రమించింది. స్పానిష్ స్వరకర్త హోకిన్ రోద్రీగో 1939లో గిటార్, ఆర్కెస్ట్రాల కోసం రచించిన 'కాన్సియెర్తో దె అరన్హుయెస్'లోని నెమ్మదైన రెండో భాగాన్ని డాన్ సెబెస్కీ ఈ ఆరుగురి కోసం మలచగా, అది దాదాపు 19 నిమిషాలు సాగుతుంది. తీగవాద్యాల బృందాన్ని వెనుక పరచడం సీటీఐ ఆల్బమ్‌లలో తరచుగా కనిపించే అలవాటు. నిర్మాత క్రీడ్ టేలర్ ఈసారి దానికి పోకపోవడం మన అదృష్టం. లయ కుదురుకున్నాక గ్యాడ్ పుల్లలను ఎంత తేలికగా ఆడిస్తాడంటే, తాళం ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి వెతుక్కోవలసి వస్తుంది. డెస్మండ్ వంతు వచ్చినప్పుడు, 1959 నుంచి హాల్‌తో కలిసి రికార్డింగులు చేసిన చనువు తెలుస్తూనే ఉంటుంది: ఒకరు వదిలిన అంచును మరొకరు అందుకుంటారు.

లోపాలు లేకపోలేదు. రాన్ కార్టర్ వాయించిన తీరుకు వంక పెట్టలేము గాని, బాస్ తీగల కంపనాన్ని నేరుగా విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ను వాడే ఆనాటి అలవాటు వల్ల బాస్ నాదంలోని చెక్క గుణం తగ్గి, రబ్బరులా సాగినట్టు వినిపిస్తుంది. హాల్ భార్య జేన్ రచించిన 'ది ఆన్సర్ ఈజ్ యెస్' హాయిగానే ఉన్నా, తర్వాత రాబోయే సుదీర్ఘ రచన ముందు కాస్త తేలిపోతుంది. తరువాతి సీడీలలో అదనపు ట్రాక్‌లు, ప్రత్యామ్నాయ టేకులు (అవే రచనల వేరే రికార్డింగులు) చేర్చారు. వాటిని విడిగా మరో రోజు వినమని నా సలహా, ఎందుకంటే అసలు ఎల్పీలో 'కాన్సియెర్తో దె అరన్హుయెస్' తర్వాత ఉన్నది నిశ్శబ్దమే.