దేశం పేరు అడిగితే ఏది మేలు: ఫోనా, అట్లాసా, నిలువు గళ్ళా?

ఆదివారం పేపర్లో అడ్డం, నిలువు గళ్ళు నింపే పజిల్‌లో "ఒక ఆసియా దేశం" అని ఆధారం పడితే చాలు, సోమవారం పొద్దున విజయవాడ సత్యనారాయణపురంలో నాతో వాకింగ్‌కి వచ్చేవాళ్ళు ఇదే అడుగుతారు. ఫోన్‌లో వెతకాలా, దేశాల జాబితా బట్టీ పట్టాలా, లేక నిలువు ముందు నింపుకోవాలా అని.

ఫోన్ పనికిరాదని అనను. సూటిగా రాజధానో కరెన్సీయో అడిగితే చిటికెలో చెబుతుంది. కానీ దానికి మన గళ్ళ లెక్క తెలియదు. ఇంగ్లీషులో అక్షరానికో గడి. మనకు ఒత్తూ గుణింతమూ కలిసి ఒకే గడి, చివరి పొల్లుకు మాత్రం విడిగా ఒకటి. జపాన్ రాజధాని టోక్యో అంటే రెండు గళ్ళు, టోకియో అంటే మూడు. మొన్న నేను గ్రీస్ అని పెన్నుతో రాసేశాను. ఆ చివరి గడి నుంచి కిందికి దిగాల్సిన మాట సుమతి! గ్రీసు అని రాయాలన్నమాట. పేపరంతా కొట్టివేతలే.

సరే, గళ్ళు లెక్కపెట్టుకుంటే సరిపోతుందా? అదీ చాలదు. పక్క ద్వీపదేశాన్నే చూడండి. శ్రీలంక, సింహళం, సిలోన్ మూడూ మూడేసి గళ్ళే. మధ్య గడిలో లం పడిందా, హ పడిందా, లో పడిందా అన్నది నిలువు పదం తప్ప ఇంకేదీ చెప్పలేదు. అందుకే నా ఓటు నిలువుకే. దేశం ఆధారాన్ని నేను చివరికి వదిలేస్తాను. రెండు అక్షరాలు వాటంతటవే పడ్డాక చూస్తే చాలాసార్లు అడగకుండానే తెలిసిపోతుంది.

ఇక అట్లాస్. కొంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో పాతదే కొనండి. పజిల్ కూర్చేవాళ్ళకు పాత పేర్లంటే మోజు. సయాం 1939లో థాయ్‌లాండ్ అయింది, సిలోన్ 1972లో శ్రీలంక, బర్మా 1989లో మయన్మార్. మయన్మార్‌కు నాలుగు గళ్ళు కావాలి, బర్మా రెండింట్లో సర్దుకుంటుంది, కూర్చేవాళ్ళకు అదీ ఓ సుఖం. అయితే రంగూన్‌ను మన తాతలు రంగం అనేవారని ఏ అట్లాస్‌లోనూ ఉండదు. అది ఇంట్లో పెద్దవాళ్ళను అడగాల్సిందే.

జీకే పుస్తకాలు, నిఘంటువు: ఉంటే ఉండనివ్వండి.

మాటలతో ఆట ఆడే ఆధారాలకు ఇవేవీ అక్కరకు రావు. "అటునుంచి తింటే పండు, ఇటునుంచి చూస్తే దేశం" అంటే లీచి, చిలీ. దీన్ని ఫోన్‌లో ఏమని వెతుకుతారు? ఇంకొకటి మీకే వదిలేస్తున్నా: "తోటపని చేసే ఆఫ్రికా దేశం", రెండు గళ్ళు. రెండో గడిలో లి ఉంది.