రోహిణి ఎండలో ఓరుగల్లు, ఆశ్వయుజానికి మిగిల్చుకున్న అడవి

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆలోపు ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లమని పిల్లలు పోరు పెడితే, హైదరాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగి, హనుమకొండలో గది తీసుకున్నాం. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మీరేమో గుళ్లకు బయలెల్లిన్రు" అని మా అత్తమ్మ దెప్పి మరీ మాతో వచ్చింది. ఆమె మాటే నిజమైంది. అయినా వెళ్లడం మంచిదే అయింది, దసరా సెలవుల్లో ఏం చూడాలో ఇప్పుడే తేలిపోయింది.

ముందు బస సంగతి. బస్టాండుకు దగ్గర్లో, ఫొటోల్లో బాగా మెరిసే ఒక హోటల్. గది శుభ్రం, పొద్దున ఇడ్లీ, అల్లం చట్నీ బాగున్నాయి. అర్ధరాత్రి కరెంటు పోయింది. "జనరేటర్ మీద ఫ్యాన్, లైటే నడుస్తయి మేడం, ఏసీ నడవది" అని రిసెప్షన్ అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడు. ఏసీ గదికని డబ్బు తీసుకున్నప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు గది ఎంత అని అడిగే ముందు ఈ సంగతి అడగండి. శరదృతువులో ఆ గోలే ఉండదు, నాన్ ఏసీ గది చాలు, మిగిలిన డబ్బుతో కారు మాట్లాడుకోవచ్చు.

వేయి స్తంభాల గుడికి ఎండ ముదరకముందే వెళ్లండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లున్నాయి. ఏళ్ల తరబడి విప్పిపెట్టి ఉన్న కళ్యాణ మండపం మళ్లీ కట్టి 2024 మార్చిలో తెరిచారు. పాత రాళ్ల మధ్య కొత్తగా చెక్కి పెట్టినవి రంగు తేడాతో పట్టిస్తాయి. నాకది నచ్చింది, దాచకుండా వదిలేయడమే నయం. ఖిలా వరంగల్ మాత్రం పగటిపూట వద్దే వద్దు. నాలుగు కీర్తి తోరణాల నడుమ అంతా ఆరుబయలు, నీడ కోసం వెతుక్కోవాలి. సాయంత్రం ఐదున్నరకు వెళ్లినా రాళ్లు ఇంకా సెగ కక్కుతున్నాయి. పిల్లలు తోరణాలను వదిలేసి గేటు బయట తాటి ముంజల బండి దగ్గర సెటిలయ్యారు. వాళ్లనేమీ అనలేకపోయాను.

రామప్ప గుడికి ములుగు దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్లవచ్చు. తెలంగాణ ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కానీ అక్కడి నుంచి పాలంపేటకు ఆటోలు మాట్లాడుకోవాలి. అత్తమ్మ మోకాళ్ల సంగతి చూసి మేం హనుమకొండ నుంచే కారు పెట్టుకున్నాం, దారి 65, 70 కిలోమీటర్లు ఉంటుంది. చెప్పులు బయట వదిలాక మండపం దాకా ఉన్న బండలే అసలు పరీక్ష. ఒకటే పరుగు. సాక్సులు తెచ్చుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వుతూ నింపాదిగా నడిచారు.

లోపలికి వెళ్తే ఇంకో లోకం. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. బయటి గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు, అంటే నాట్యకత్తెల బొమ్మలు, నల్లరాయి. అందులో ఒకామె కాళ్లకు మడమ ఎత్తైన చెప్పులున్నాయి. మా అమ్మాయి దాని దగ్గరే మెడ నొప్పెట్టేదాకా నిలబడింది. లోపలి స్తంభం మీద చేయి పెడితే మంచి చల్లదనం, అద్దంలా నునుపు. గైడ్‌ను పెట్టుకోండి. నీళ్లలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక పోసిన పద్ధతి ఎవరైనా విప్పి చెబితేనే బుర్రకెక్కుతాయి. ఇంత దూరం వచ్చినందుకు ఈ గుడి ఒక్కటి చాలు, ఎండైనా సరే.

లక్నవరం చెరువు గురించి అదే మాట అనలేను. వేలాడే వంతెన మీద నడక సరదాగానే ఉంటుంది, కానీ ఈ రోజుల్లో నీళ్లు వెనక్కి పోయి దీవుల చుట్టూ ఎండిన మట్టి గట్లు బయటపడ్డాయి. "ఇప్పుడేముందక్కా, బతుకమ్మకు రాండ్రి, చెరువు నిండుగుంటది" అని మా డ్రైవర్ తమ్ముడు ముందే అన్నాడు. పాకాల చెరువు కూడా వద్దని అతని సలహానే. బొగత జలపాతానికైతే అసలు వెళ్లనేలేదు. ఎండల్లో నీళ్లుండవు, జూలై, ఆగస్టుల్లో వరద పెరిగితే లోపలికి పోనివ్వరు. వానలు తగ్గి నీళ్లు తేటపడే శరత్తే దానికి సరైన కాలం. కవ్వాల్ అడవిలో కూడా వానాకాలం సఫారీ ఆపేస్తారు, అక్టోబర్ వైపు చూడాల్సిందే.

అందుకే ఇప్పటి నుంచే మనసు ఆశ్వయుజం మీదికి పోయింది. మృగశిర నాడు చేపల కూర తిన్నామంటే ఎండ కథ ముగిసినట్టే, ఆ తర్వాత నాట్లు, బోనాలు, వినాయక చవితి. మహాలయ అమావాస్య వచ్చేసరికి ములుగు దారి పొడుగునా తంగేడు పూసి ఉంటుంది, చేలగట్ల మీద గునుగు తెల్లగా తలలూపుతుంటుంది, రోడ్డు పక్కన బుట్టల్లో సీతాఫలాలు. ఆ అమావాస్య నాడే బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. ఆ సాయంత్రం వేయి స్తంభాల గుడి ఆవరణ నిండిపోతుంది. చివరి రోజు, సద్దుల నాడు, హనుమకొండలోని పద్మాక్షి గుండం దగ్గర ఇసుకేస్తే రాలదు. అత్తమ్మ చిన్నప్పుడు అక్కడే ఆడింది, ఇప్పుడు మనవరాలికి చూపించాలని పట్టు.

అయితే ఆ కాలంలో చిక్కులు వేరు. పండుగ వారంలో బస్సుల్లో కాలు పెట్టే జాగా ఉండదు, హనుమకొండలో గదులు దొరకడం కష్టం, సద్దుల ముందు రోజు బంతిపూల ధర వింటే గుండె గుభేలుమంటుంది. సెప్టెంబర్‌లోనే పండుగ పడితే అల్పపీడనం భయం కూడా ఉంటుంది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకుని, ఆగస్టులోనే గది ఖాయం చేసుకోవడం మేలు.

మా ప్లాన్ ఇది: ఎంగిలిపూల నాటికి హనుమకొండ, తెల్లారి లక్నవరం, ఆ మర్నాడు బొగత. మా ఆయన మాత్రం ఇదంతా వదిలి నిర్మల్ వైపు పోదామంటున్నారు, కుంటాల జలపాతం, వస్తూ వస్తూ కొయ్యబొమ్మలు. కుంటాల మెట్లు దిగి ఎక్కడం అత్తమ్మ వల్ల కాదు. కాబట్టి ఈ దసరాకు ఓటు హనుమకొండకే పడింది, నిర్మల్‌కు ఆయన స్నేహితులతో దీపావళి తర్వాత వెళ్లొచ్చు.