బ్రిటన్ స్పౌజ్ వీసా: అమీర్‌పేట కన్సల్టెన్సీకి ఇచ్చిన 35,000 రూపాయలకు ఏం దక్కింది?

నా భర్త బ్రిటిష్ పౌరుడు, ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో ఉద్యోగం. 2025 ఫిబ్రవరిలో విజయవాడలో మా పెళ్లి జరిగింది. ఆయన సెలవు ముగిసి వెళ్లిపోయాక, నా వీసా పనిని అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీకి అప్పగించాం. సంస్థ పేరు రాయడం లేదు.

మొదటి రోజే ఇచ్చిన సలహా తప్పు. విజిటర్ వీసా తేలిగ్గా వస్తుందని, దాని మీద వెళ్లి అక్కడే స్పౌజ్ వీసాకు మారవచ్చని చెప్పారు. విజిటర్‌గా వెళ్లినవారు ఆ దేశంలో ఉంటూ అలా మారడానికి నిబంధనలు ఒప్పుకోవు. పెళ్లికి ముందే వెళ్లదలచినవారికి ఆరు నెలల ఫియాన్సే వీసా ఉంది కానీ, ఆ కాలంలో ఉద్యోగం చేయకూడదు, పెళ్లయ్యాక మళ్లీ రుసుము కట్టి మారాలి. మ్యారేజ్ విజిటర్ వీసా అక్కడ పెళ్లి చేసుకొని తిరిగి వచ్చేసేవారికే. తాళి కట్టించుకొని వచ్చిన నాకు ఇక్కడి నుంచి స్పౌజ్ వీసాకు దరఖాస్తు చేయడమే సరైన దారి.

అసలు చిక్కు ఆదాయం దగ్గర వచ్చింది. 2024 ఏప్రిల్ 11కు ముందు ఏడాదికి 18,600 పౌండ్లుగా ఉన్న కనీస ఆదాయ పరిమితి ఆ రోజు నుంచి 29,000 అయింది. ఇక్కడి నుంచి దరఖాస్తు చేసేటప్పుడు హైదరాబాద్‌లో నేను సంపాదించే జీతం ఆ లెక్కలోకి రాదు. ఆయన జీతం 34,000 అని వినగానే కౌంటర్‌లోని అబ్బాయి, "సరిపోతుంది మేడమ్" అని, ఆరు జీతం స్లిప్పులను క్లిప్పు పెట్టి పైన పెన్సిల్‌తో 6/6 అని రాసుకున్నాడు. ఆ ఆరింటిలో మూడింటి మీద ఒక కంపెనీ పేరు, మూడింటి మీద మరో కంపెనీ పేరు ఉన్నాయి. మావారు జనవరిలో ఉద్యోగం మారారు. ఆరు నెలల స్లిప్పులతో సరిపెట్టుకునే కేటగిరీ ఎ కింద చూపాలంటే ఆ ఆరు నెలలూ ఒకే యజమాని దగ్గర పనిచేసి ఉండాలి. లేకపోతే కేటగిరీ బి కింద, ఇప్పటి జీతం పరిమితికి తగ్గకుండా ఉండటమే కాక, గత 12 నెలల్లో చేతికందిన స్థూల ఆదాయం కూడా 29,000కు చేరిందని చూపాలి. ఈ సంగతి మాకు తెలిసింది కన్సల్టెన్సీ వల్ల కాదు. మావారు అక్కడ ఒక సొలిసిటర్‌కు (న్యాయవాదికి) గంట రుసుము చెల్లించి ఫైలు చూపించినందువల్ల. పాత కంపెనీ పోర్టల్ అప్పటికే మూసుకుపోవడంతో, వెనకటి స్లిప్పులను ఈమెయిల్ మీద అడిగి తెప్పించుకొని, ఒక్కొక్క దానిలోని నికర జీతం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమ అయిన మొత్తంతో సరిపోతోందో లేదో రెండు రాత్రులు కూర్చొని సరిచూసుకున్నాం.

జూన్‌లో దరఖాస్తు చేసినప్పుడు రుసుము 1,938 పౌండ్లు, ఆరోగ్య సర్‌ఛార్జ్ 3,105 పౌండ్లు కట్టాం. తిరస్కరిస్తే సర్‌ఛార్జ్ తిరిగి ఇస్తారు, రుసుము ఇవ్వరు. ఆ పెన్సిల్ గీతను నమ్మి ఉంటే దాని ఖరీదు అంత.

న్యాయంగా చెప్పాలంటే, మిగతా పనులు వాళ్లు చక్కగా చేశారు. టీబీ పరీక్ష సర్టిఫికెట్ గడువు ఆరు నెలలేనని గుర్తుచేసి తేదీ కుదిర్చారు. ఇంగ్లీషు వచ్చని చూపడానికి, నా ఇంజనీరింగ్ డిగ్రీకి ఎక్టిస్ (విదేశీ డిగ్రీలను బ్రిటన్ డిగ్రీలతో పోల్చి చూసే సంస్థ) ధ్రువీకరణ తెప్పించేకన్నా, ప్రాథమిక (ఏ1) స్థాయి ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ రాయడం త్వరగా తేలుతుందన్నారు, అదీ నిజమైంది. నాలుగేళ్లు ఇంగ్లీషులో చదివి, పక్క అభ్యర్థితో ఆదివారం ఏం చేస్తారని ముచ్చటించి ఉత్తీర్ణురాలినయ్యాను. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అరవై ఫోటోలు అడగడం మాత్రం అతి.

కాగితాలు వరుసలో పెట్టించుకోవడానికి, అపాయింట్‌మెంట్లకు వీరి దగ్గరికి వెళ్లవచ్చు. ఉద్యోగం మారినవారు, సొంత వ్యాపారం ఉన్నవారు, పొదుపు సొమ్ము చూపదలచినవారు మాత్రం ముందుగా బ్రిటన్‌లో గుర్తింపు పొందిన సలహాదారుకు ఫైలు చూపించాలి. 33 నెలల వీసా చేతికి వచ్చిన వారానికే, పొడిగింపు కూడా తామే చేస్తామని కన్సల్టెన్సీ వాళ్లు సందేశం పంపారు. నేను ఇంకా జవాబు ఇవ్వలేదు.