డ్రమ్ములో వెదురు: ఏడేళ్ళ తర్వాత

మా వంటింటి బాల్కనీకి ఎదురుగా పక్క భవనం వాళ్ళ వంటింటి కిటికీ. మధ్యలో పది అడుగులు కూడా ఉండవు. ఎదురింటావిడ పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు మొదలయ్యేవి. మేము గొంతు పెంచి మాట్లాడుకుంటే ఆవిడ మిక్సీ ఆగిపోయేది. బెంగళూరులో రామమూర్తినగర్ వైపు ఉండేవాళ్ళకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. గుడ్డ కడితే గాలి ఆడదు, రేకు పెడతామంటే అసోసియేషన్ ఒప్పుకోదు. అందుకని 2018 జూన్‌లో మూడు వెదురు మొక్కలు తెచ్చాం. ఏడేళ్ళు దాటింది. తెర వచ్చిందా అంటే వచ్చింది. మీరూ కొనుక్కోండి అంటానా అంటే, ఏడాదికి ఎన్నిసార్లు ఊరికి వెళ్తారని ముందు అడుగుతాను.

మొదటి గొడవ మా అత్తయ్యతో. వెదురు ఇంట్లో ఉండకూడదు, పాడె కట్టేది దానితోనే అన్నారు. పెళ్ళిలో మా మేనమామ నన్ను మోసుకొచ్చిన గంప కూడా వెదురుదే కదండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. టీవీ పక్కన గాజు గ్లాసులో ఉన్న ‘లక్కీ బ్యాంబూ’ మాత్రం ఆవిడకు ప్రాణం. అది వెదురే కాదు, డ్రసీనా అనే ఆఫ్రికా మొక్క. అసలు వెదురు గడ్డి జాతిది, వరికీ చెరకుకూ చుట్టం. ఆ సంగతి ఆవిడకు నేనింకా చెప్పలేదు.

కొనేటప్పుడే ఒక తప్పు జరిగింది. నర్సరీలో మూడింటినీ ‘గోల్డెన్ బ్యాంబూ’ అని ఇచ్చారు. గెడ కాస్త పసుపుగా ఉంటే చాలు, ఏ వెదురుకైనా ఆ పేరు తగిలించేస్తారు. మాకు వచ్చినవాటిలో రెండు బాంబుసా మల్టిప్లెక్స్. సన్నటి గెడలతో, కింది నుంచీ ఆకులతో గుబురుగా పెరిగే రకం, కంచెలకు వాడతారు. మూడోది బాంబుసా వల్గారిస్‌లో పసుపు గెడ మీద ఆకుపచ్చ చారలుండే రకం. నేలలో వేస్తే మూడంతస్తులు దాటిపోతుంది. దాన్ని మేము సగానికి కోసిన నీలం డ్రమ్ములో పెట్టుకున్నాం! రెండేళ్ళకు డ్రమ్ము ఒక పక్క ఉబ్బింది. 2020 వానల్లో అడుగున చిల్లులు పెట్టిన చోటు నుంచి పగులు పైకి పాకింది. మావారు, ఆయన స్నేహితుడు కలిసి దాన్ని హొసకోటె దగ్గర పొలానికి తరలించారు. ఇప్పుడు అక్కడ పంపుసెట్టు గది కనిపించకుండా కమ్మేసింది. అందం మాత్రం దానిదే, ఆ చారల గెడల మీద నాకు ఇప్పటికీ బెంగే.

ఇంకా నయం, మూడూ ఉన్నచోటే గుబురు కట్టే జాతులే. ‘గోల్డెన్’ పేరుతోనే ఫిల్లోస్టాకిస్ ఆరియా అనే పాకే వెదురు కూడా ఉంది. దాని దుంపవేరు నేల కింద అడ్డంగా సాగి, ఎక్కడో దూరంగా మొలకెత్తుతుంది. ప్రహరీ పక్కన నేలలో వేయాలనుకునేవాళ్ళు పేరు నమ్మకుండా మొదలు చూడండి. గెడలన్నీ దగ్గర దగ్గరగా ఒక పిడికిలిలా ఉంటే సరే. విడివిడిగా, ఎడంగా లేచి ఉంటే వద్దు.

వెదురు రాత్రికి రాత్రి పెరుగుతుందని విని కొనేవాళ్ళకు మొదటి రెండేళ్ళు ఒళ్ళు మండుతుంది. మాకూ మండింది. తెచ్చినప్పుడు పెన్సిలంత లావున్న గెడలు రెండేళ్ళ తర్వాతా పెన్సిలంతే ఉన్నాయి. ఎరువు చాలలేదనుకుని వేశాం, ఎక్కువైందనుకుని మానేశాం. తర్వాత అర్థమైంది: వెదురు గెడ ఎంత లావుతో నేలలోంచి వస్తుందో జీవితాంతం అంతే లావు. ఎత్తు కూడా రెండు మూడు నెలల్లో ముగించేస్తుంది. పాతవి పెరగవు, ఏటా వచ్చే కొత్తవే పాతవాటికన్నా లావుగా, ఎత్తుగా వస్తాయి. ఈలోగా వేరు బలపడాలి. మాకు మూడో వానాకాలంలో ఆ ముచ్చట తీరింది. జూలైలో ఒక పొద్దున చూస్తే డ్రమ్ము అంచున ఊదారంగు కలిసిన ఆకుపచ్చ మొన, బొటనవేలంత. పొరలు పొరలుగా చుట్టుకుని, కొనన ఒక నీటిచుక్క నిలబడి ఉంది. వాన పడలేదు, ఆ నీళ్ళు వేరు పైకి నెట్టినవే. నాలుగు రోజుల్లో జానెడు లేచింది. పాప దాని పక్కన గోడ మీద రోజూ పెన్సిల్‌తో గీత పెట్టేది. ఇల్లు సున్నం వేయించినా ఆ గీతలు చెరపనివ్వలేదు.

ఎదురింటావిడది మలెనాడు, కర్ణాటక పడమటి కొండల ప్రాంతం. కిటికీలోంచి ఆ మొలకను చూసి “కళలె!” అని కేకేసింది. మన ఏజెన్సీలో వెదురు కొమ్ములంటారే, అవే. ముక్కలు కోసి రోజూ నీళ్ళు మారుస్తూ మూడు రోజులు నానబెట్టి వండుతారట. పచ్చి కొమ్ముల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, ఆ నానబెట్టడమంతా అందుకే. మా మొలకలు కూరకు చాలేవి కావు, నాకు మనసూ ఒప్పలేదు.

ఇక నీళ్ళు. నా సమీక్షలో సగం మార్కులు పోయేది ఇక్కడే. డ్రమ్ములో వెదురు పెట్టుకోవడమంటే బాల్కనీలో గేదెను కట్టేసుకున్నట్టే. నేలలో ఉన్న పొద నీటిని అదే వెతుక్కుంటుంది. డ్రమ్ములోది మీ చేతికేసి చూస్తుంది. మాది పడమటి ఎండ. మార్చి నుంచి డ్రమ్ముకు రోజూ ఎనిమిది, పది లీటర్లు పోయాలి. ఒక్క రోజు తప్పినా మధ్యాహ్నం మూడింటికల్లా ప్రతి ఆకూ నిలువునా చుట్టుకుని సూదిలా అయిపోతుంది. వందల ఆకులు ఒకేసారి అలా ముడుచుకుంటే, ఎదురింటి గ్యాసు బండ మీద ఏముందో కూడా కనిపిస్తుంది. నీళ్ళు పోస్తే గంటన్నరలో మళ్ళీ విప్పుకుంటాయి. రెండు రోజులు తప్పితే విప్పుకోవు, రాలతాయి.

2024 వేసవి ఎవరూ మరిచిపోరు. మార్చిలో జలమండలి తాగునీటిని మొక్కలకు వాడకూడదని, వాడితే 5000 రూపాయల జరిమానా అని ఆదేశించింది. బోరు ఎండింది, ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు. నేను తెలివిగా ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళు పట్టి పోశాను. మూడు వారాల్లో ఆకుల కొనలన్నీ కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఆ నీళ్ళలో ఉప్పంతా డ్రమ్ములో పేరుకుపోయింది మరి. తర్వాత బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళతో నెట్టుకొచ్చాం. జూన్ వానలకు డ్రమ్ములు కడిగినట్టయ్యాక కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది.

ఊడ్చే పని సంగతీ రాయాలి. ఏడాదంతా కొంచెం కొంచెంగా, ఫిబ్రవరి, మార్చిలో బాగా ఆకు రాలుతుంది. సన్నటి ఆకులు నీళ్ళు పోయే జాలీకి సరిగ్గా చాపలా అతుక్కుంటాయి. ఒక మే నెల సాయంత్రం గాలివానకు మా బాల్కనీ నిండి హాల్లోకి నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు ఊడ్చిన ఆకును డ్రమ్ములోనే మట్టి మీద పరుస్తాను, తేమ ఆగుతుంది.

కోసేటప్పుడు ఒక మెలకువ. మొదట్లో కణుపుకు బెత్తెడు పైన కోసేదాన్ని. ఆ బొంగులో వాన నీళ్ళు నిలిచి, చూస్తే దోమపిల్లలు ఈదుతున్నాయి. డెంగీ ఊళ్ళో ఇంతకన్నా పొరపాటు ఉండదు. కణుపుకు ఆనించి కోస్తే గిన్నె ఏర్పడదు. తల తీసిన గెడ ఇక పొడవు పెరగదు, పక్క కొమ్మలే చిక్కబడతాయి. పై అంతస్తు వాళ్ళ బట్టల తీగకు తగలకుండా మేము ఎనిమిది అడుగుల దగ్గర ఆపేస్తాం. తీసేసిన పాత గెడలు చిక్కుడు పందిరికి వేశాను. ఆరు నెలల్లో పుచ్చి పొడి రాలింది. పురుగుల్లో పిండినల్లి ఒక్కటే మమ్మల్ని ఏడిపించింది. కణుపు పొరల లోపల దాక్కుంటుంది కాబట్టి పైన కొట్టిన వేపనూనె తగలదు. పొర వలిచి గుడ్డతో తుడవడమే.

మూడు నాలుగేళ్ళకోసారి గుబురును చీల్చి మళ్ళీ నాటాలి, తప్పదు. 2021 జూన్‌లో మొదటిసారి డ్రమ్ము బోర్లించినప్పుడు మట్టి ఏదీ అని వెతికాం. లేదు. డ్రమ్ము ఆకారంలో వేరు ముద్ద మాత్రం ఉంది. కత్తిపీట ఆనలేదు, గునపం జారిపోయింది, చివరికి వడ్రంగి రంపంతో రెండు గంటలు కోశాం. చీల్చాక నెల రోజులు ఆకు రాల్చి దిగాలుగా నిలబడింది, తర్వాత తేరుకుంది. తడిసిన డ్రమ్ము ఇద్దరు కదిపితే కదిలే బరువు కాదు. బాల్కనీ చివరన కాకుండా గోడకు ఆనించి పెట్టండి, పెట్టేముందు బాల్కనీ అంత బరువు మోస్తుందా అని భవనం కట్టినవాళ్ళను అడగండి.

పూస్తే చచ్చిపోతుందట కదా అని చాలామంది అడుగుతారు. చాలా రకాలు అంతే, అయితే దశాబ్దాలకోసారి. మిజోరాం కొండల్లో మెలోకన్నా వెదురు సుమారు 48 ఏళ్ళకోసారి మూకుమ్మడిగా పూస్తుంది. 1958–59లో, మళ్ళీ 2006–07లో పూసినప్పుడు ఆ గింజలు తిని ఎలుకలు పెరిగి పంటల మీద పడ్డాయి. మా బాల్కనీ ఎలుకలకు ఆ అవకాశం ఇంకా రాలేదు.

ఖర్చు మొత్తం ఆరు వేల లోపే. ఐదుకు మూడున్నర ఇస్తాను. గాలికి ఆకులు చేసే చప్పుడు లేకపోతే మూడే.

ఊరి ప్రశ్నకు వస్తాను. సంక్రాంతికి మేము వారం రోజులు ఏలూరు వెళ్తాం. రెండో ఏడు తిరిగొచ్చేసరికి మొక్కలు సగం పండిపోయి ఉన్నాయి. ఆ మరుసటేడు నుంచి ఎదురింటావిడే తన కిటికీలోంచి పైపుతో మా డ్రమ్ముల్లోకి నీళ్ళు కొడుతోంది. ఆవిడకు కనిపించకూడదనే వాటిని పెట్టామని ఆవిడకూ తెలుసు. ఈ జూన్‌లో గుబురు చీల్చినప్పుడు ఒక ముక్క అడిగి తీసుకుని బకెట్టులో నాటింది, అప్పుడే రెండు మొలకలు వేసింది. డ్రమ్ములోకి మార్చమని నేను, బకెట్టు చాలని ఆవిడ, పొద్దునపూట ఆకుల సందుల్లోంచి వాదించుకుంటున్నాం.