సర్వర్ పవర్ నియంత్రణ: కెర్నెల్ డ్రైవర్ దారి, నెట్‌వర్క్ దారి

సర్వర్ మదర్‌బోర్డు మీద ప్రధాన ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండా పనిచేసే బీఎంసీ అనే చిన్న కంట్రోలర్ ఉంటుంది. సర్వర్ల నిర్వహణ కోసం రూపొందిన ఐపీఎంఐ ప్రమాణం ప్రకారం దానితో ప్రధానంగా రెండు దారుల్లో మాట్లాడవచ్చు.

మొదటిది లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) లోని డ్రైవర్. ఇది సాధారణంగా కేసీఎస్ అనే ఇంటర్‌ఫేస్ ద్వారా ఒక్కొక్క బైటుగా ఆదేశాన్ని పంపుతుంది. జవాబు సిద్ధమైందని బీఎంసీ తానే సంకేతమిచ్చే ఇంటరప్ట్ సౌకర్యం లేని యంత్రాల్లో, జవాబు కోసం కిప్మి0 అనే కెర్నెల్ త్రెడ్ పదే పదే తొంగిచూడాల్సి రావడంతో, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాప్ ఆదేశాన్ని తెరిచినప్పుడు అదే సీపీయూను మింగేస్తున్నట్టు కనిపించి కొత్త అడ్మిన్లను కంగారు పెడుతుంది. దాని ప్రాధాన్యం చాలా తక్కువ కనుక అసలు పనికి పెద్దగా అడ్డురాదు. ఈ దారికి బీఎంసీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, రూట్ అనుమతి చాలు. మరచిపోయిన బీఎంసీ పాస్‌వర్డ్‌ను సర్వర్ లోపలి నుంచే మార్చుకోగలగడం నా దృష్టిలో దీని గొప్ప మేలు. టైమర్‌తో సిస్టమ్‌ను కాపలా కాసే వాచ్‌డాగ్ మాడ్యూల్‌ను కూడా ఆన్ చేసి ఉంచితే, సిస్టమ్ బిగుసుకుపోయి టైమర్‌ను తిరిగి నింపలేనప్పుడు బీఎంసీయే రీసెట్ చేస్తుంది.

అయితే ఆగిపోయిన యంత్రంలో డ్రైవరే ఉండదు. అక్కడ యూడీపీ 623 పోర్టు మీద నడిచే నెట్‌వర్క్ దారే శరణ్యం, ఎందుకంటే స్టాండ్‌బై కరెంటు ఉన్నంతవరకు బీఎంసీ మేలుకునే ఉంటుంది. కానీ ఐపీఎంఐ 2.0 లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్‌తో లెక్కించిన హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌ను ఊహించి సరిపోల్చుకోడానికి వీలిచ్చే సంకేతాన్ని) అడిగినవారికి ఇచ్చేస్తుంది కాబట్టి, బీఎంసీని వేరే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. వీలైతే 2015లో వచ్చిన, హెచ్‌టీటీపీఎస్ మీద పనిచేసే రెడ్‌ఫిష్ అనే కొత్త సర్వర్ నిర్వహణ ప్రమాణానికి మారాలి.