ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా: కత్తి ఒరలో పెట్టి కూచునే 19 చోట్లు

ఈ వీడియో గేమ్ 2020 జూలైలో పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4) మీద వచ్చింది, 2024 మేలో పీసీకి చేరింది. రెండింటిలోనూ ఏళ్ల తరబడి ఆడాక రాస్తున్న సమీక్ష ఇది. పోరాటాల గురించి చెప్పేవాళ్లకు కొదవలేదు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఇదంతా ఆటలో మనం కూర్చే హైకూల (మూడు పాదాల చిన్న జపనీస్ కవితల) గురించి, వాటి చుట్టూ ఉన్న నింపాది పనుల గురించి.

కథాకాలం 1274. మంగోలులు త్సుషిమా దీవి మీద పడతారు, కొమోడా తీరంలో సమురాయ్‌లు కుప్పకూలతారు, మనం ఆడే సమురాయ్ జిన్ సకాయ్ బతికి బయటపడతాడు. దీవి నిండా తగలబడ్డ ఊళ్లు. వాటి మధ్యనే చెట్టు కిందో, కొండ అంచునో, నీటి ఒడ్డునో 19 హైకూ చోట్లు పెట్టారు.

అక్కడ బటన్ నొక్కితే జిన్ కూచుంటాడు. భయం, ఓటమి లాంటి విషయం ఒకటి తెర మీదకొస్తుంది. ఇక కత్తి లేదు, నడక లేదు, చూపు ఒక్కటే మన చేతిలో ఉంటుంది. కంట్రోలర్ కుడి స్టిక్‌తో మెల్లగా తిప్పుతుంటే ఎదురుగా ఉన్న మూడు వస్తువుల్లో ఏదో ఒకదాని దగ్గర చూపు ఆగుతుంది, దాని మీద ఒక పాదం తేలుతుంది. నచ్చితే నొక్కాలి, లేదంటే పక్కకు తిరగాలి. ఇలా మూడు సార్లు. పాదానికి మూడు చొప్పున ఒక్కో చోట 27 హైకూలు కుదురుతాయి, మొత్తం మీద 513. చివర్లో తలకు కట్టుకునే గుడ్డ ఒకటి ఇస్తారు. అది చూడ్డానికే, బలం పెంచేదేమీ కాదు. అలా ఉండటమే మంచిదైంది. బలం ఇచ్చేదైతే అందరూ చకచకా నొక్కేసి లేచిపోయేవాళ్లు.

దీన్ని మన సమస్యాపూరణంతో పోల్చబోతే మాత్రం నిరాశే. అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇచ్చి మిగతాది కవికి వదిలేస్తాడు. ఇక్కడ అన్ని పాదాలూ ముందే రాసి పెట్టారు, ఏరుకోవడమే మన వంతు. సొంతంగా ఒక్క మాట కూడా చేర్చలేం. ఏది ఏరినా కథ మారదు, వచ్చే గుడ్డా అదే.

అందుకే కొందరి హైకూలు అతుకుల బొంతల్లా తయారవుతాయి. తొలి పాదాన్ని ఆకు మీద, రెండోదాన్ని యుద్ధం మీద, మూడోదాన్ని మళ్లీ నీటి మీద తీసుకుంటే మూడు ముక్కలు మూడు దారులు పడతాయి. పని చేసే పద్ధతి ఒకటుంది. ప్రతి పాదానికీ మూడు మాటలూ చదివే దాకా బటన్ ముట్టుకోకూడదు. మొదటి పాదానికి దగ్గర్లో ఉన్న చిన్న వస్తువు, రెండోదానికి దూరపు దృశ్యం తీసుకోవాలి. ఇచ్చిన విషయాన్ని తాకే మాటను మూడోదానికి దాచుకోవాలి. ఉదాహరణకు విషయం ఓటమి అనుకుందాం (ఈ మాటలు ఆటలోవి కావు, తీరు చెప్పడానికే):

నీటి మీద ఆకు
అవతలి ఒడ్డున పొగ
తేలడమూ బతుకే

ఇదే మూడో పాదాన్ని ముందుకు తెస్తే మొదటి ముక్కలోనే అంతా చెప్పేసినట్టు అవుతుంది, తర్వాత చూడ్డానికేమీ మిగలదు. విషయాన్ని ముందే తెర మీద రాయడం ఆటలోనే ఉన్న లోపం. 'భయం' అని చదివాక కొండ ఇక కొండలా కనపడదు.

చరిత్ర పట్టింపు ఉన్నవాళ్లకు ఇంకో అభ్యంతరం. హైకూ అన్న పేరే 19వ శతాబ్దం చివర్లో స్థిరపడింది. 1274 నాటి సమురాయ్ రాస్తే 5-7-5-7-7 అక్షరాల లెక్కన వాక అనే ఐదు పాదాల పాత జపనీస్ కవిత రాసేవాడు. జపనీస్ వెర్షన్‌లో దీన్ని వాక అనే పిలుస్తారు. తెలుగులో హైకూ రాసేవాళ్లు హైకూకుండే 5-7-5 లెక్కనే వదిలేసి చాలా కాలమైంది కాబట్టి మనకు ఇదేమంత ఇబ్బంది కాదు.

నిజానికి ఈ ఆటలో కవిత్వం ఎక్కువగా ఉన్నది గాలిలో. దారి చూపే బాణం గుర్తు ఉండదు. మ్యాప్‌లో గమ్యం పెట్టి కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి అటు వీస్తుంది, గడ్డి మొత్తం అటే వాలుతుంది. గుర్రం మీద పోతూ గడ్డిని చదవడం నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. బంగారు రంగు పిట్ట కనిపిస్తే దాని వెంట వెళ్లొచ్చు, కానీ హైకూకే తీసుకెళ్తుందన్న హామీ లేదు, వేడినీటి గుండం దగ్గర దింపినా దింపుతుంది.

దింపినా నష్టం లేదు. గుండాలు 18 ఉన్నాయి, ఒక్కోదానితో గరిష్ఠ ఆరోగ్యం కాస్త పెరుగుతుంది. నీళ్లలో దిగాక తలచుకోవడానికి రెండు విషయాలు ఇస్తారు, ఒకటి ఎంచుకుంటే జిన్ ఒకటి రెండు మాటలు గొణుగుతాడు. మేనమామ షిమురా మీద అతని మనసు ఎటు తిరుగుతోందో కొన్నిచోట్ల హైకూల కన్నా ఇక్కడే బాగా తెలుస్తుంది.

జపాన్ సినీ దర్శకుడు అకిరా కురొసావా పేరు పెట్టిన కురొసావా మోడ్‌లో తెర నలుపు తెలుపుగా మారుతుంది, గాలి జోరు పెరుగుతుంది. పోరాటాలకు అది అద్భుతం. హైకూలకు మాత్రం వద్దు, ఎర్రాకులు బూడిద రంగైపోతే చూపు ఆగడానికి ఏముంటుంది? ఆ కాసేపు రంగుల్లోకి మారి, అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు.

ఒకే విడతలో నాలుగైదు హైకూలు చేయకండి, మూడోదానికే మాటలన్నీ ఒకేలా అనిపిస్తాయి. పెద్ద కథాఘట్టం ముగిశాక ఒకటి చాలు. తెలుగు లేదు కాబట్టి ఇంగ్లీషు చదవగలగాలి. పీసీలో 75 జీబీ ఖాళీ, వీలైతే ఎస్ఎస్‌డీ చూసుకోండి. 2025లో వచ్చిన ఘోస్ట్ ఆఫ్ యోతేయ్‌లో వీటి బదులు టచ్‌ప్యాడ్ మీద వేలితో సుమి-ఎ (జపనీస్ సిరా) బొమ్మలు గీయాలి, హైకూల కోసమే కొనేవాళ్లు పాతదే తీసుకోండి.